ముందు తలుపు లేని ఇల్లు: మెడ్గర్ ఎవర్స్ కుటుంబం నిలబెట్టిన వారసత్వం

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్ నగరంలో, ఒకప్పుడు గైన్స్ వీధి అని పిలిచిన చోట, ఒక చిన్న ఒంటి అంతస్తు ఇల్లు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నల్లజాతి మధ్యతరగతి కుటుంబాల కోసం వేసిన కాలనీలో అదొకటి. చుట్టుపక్కల ఇళ్లన్నింటికీ వీధి వైపు తలుపులు ఉండగా ఈ ఇంటికి మాత్రం ముందు తలుపు లేదు. పక్కనున్న కార్‌పోర్ట్ (కారు నిలిపే పందిరి) కిందికి వెళితే తప్ప లోపలికి దారి దొరకదు. గడపకు పసుపు రాసి, సింహద్వారం ఏ దిక్కున ఉండాలో పదిమందిని అడిగి నిర్ణయించుకునే మనకు ఇది వింతగా తోచవచ్చు. అయితే ఆ తలుపు లేకపోవడానికి కారణం చాలా స్పష్టమైనది. వీధి వైపు తలుపు తీసి నిలబడిన మనిషిని తుపాకీతో కాల్చడం తేలిక. ఆ ఇంటి యజమాని, నల్లజాతి పౌర హక్కుల కార్యకర్త మెడ్గర్ ఎవర్స్ ఆ లెక్క వేసుకునే ఇల్లు కట్టించుకున్నారు. వీధి మలుపులో కాకుండా వరుస మధ్యలో ఉన్న స్థలాన్ని ఎంచుకున్నారు. పడకగదుల కిటికీలను ఎత్తుగా పెట్టించారు. పిల్లల పరుపులను మంచాల మీద కాకుండా నేల మీద వేశారు. తుపాకీ మోత వినిపిస్తే వెంటనే కిందపడి, పాక్కుంటూ వెళ్లి స్నానాల తొట్టిలో దాక్కోవాలని పిల్లలకు అభ్యాసం చేయించారు.

పౌర హక్కుల కార్యకర్త కుటుంబ జీవితం అన్నప్పుడు సాధారణంగా ఆయన పుట్టిన ఊరు, పెళ్లి, పిల్లల సంఖ్య రెండు వాక్యాల్లో చెప్పి, ఆ తర్వాత ఉద్యమ చరిత్రలోకి వెళ్లిపోతారు. మెడ్గర్ ఎవర్స్ విషయంలో ఆ పద్ధతి పనికిరాదు. ఆయన హత్యకు ముందు ఉద్యమం ఆ ఇంట్లోనే నడిచింది. హత్య తర్వాత ముప్పై ఏళ్లకు ఆయనకు దక్కిన న్యాయం కూడా ఆ ఇంటి మనుషులు దాచుకున్న కాగితాల నుంచీ, వదలని పట్టుదల నుంచీ వచ్చింది. ఆయన వారసత్వమని ఈనాడు చెప్పుకునే దానిలో చాలా భాగాన్ని ఆయన భార్య మర్లీ ఎవర్స్ కట్టి నిలబెట్టారు.

మెడ్గర్ 1925 జులై 2న మిసిసిపీలోని డెకేటర్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరి ఐరోపాలో పనిచేశారు. నాజీలను ఓడించిన సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన ఆ యువకుడు 1946లో తన అన్న చార్లెస్‌తోనూ మరికొందరు మిత్రులతోనూ కలిసి సొంత ఊళ్లో ఓటు వేయబోతే, ఆయుధాలు పట్టుకున్న శ్వేతజాతీయుల గుంపు వాళ్లను వెనక్కి పంపేసింది. ఆయన తర్వాతి జీవితానికి ఆ అవమానమే మొదలు. సైనికులకు ప్రభుత్వం కల్పించిన అవకాశంతో ఆల్కార్న్ కళాశాలలో చేరారు. 1950లో అక్కడికే పదిహేడేళ్ల మర్లీ బీజ్లీ చదువుకోవడానికి వచ్చారు.

మర్లీ విక్స్‌బర్గ్ పట్టణంలో నాయనమ్మ, మేనత్తల పెంపకంలో పెరిగారు. ఇద్దరూ ఉపాధ్యాయినులే. పియానో నేర్పించి, చదువు మీద శ్రద్ధ పెట్టించి, జాగ్రత్తగా పెంచిన పిల్లను కళాశాలకు పంపుతూ వాళ్లిద్దరూ చెప్పిన బుద్ధుల్లో ఒకటి, సైన్యం నుంచి తిరిగొచ్చిన మగవాళ్ల జోలికి పోవద్దని. కళాశాలలో అడుగుపెట్టిన మొదటి రోజే ఆమెకు మెడ్గర్ పరిచయమయ్యారు. 1951 డిసెంబర్ 24న పెళ్లయింది. వధువుకు పద్దెనిమిదేళ్లు, వరుడికి ఇరవయ్యారు.

కొత్త కాపురం డెల్టా ప్రాంతంలోని మౌండ్ బయూలో మొదలైంది. అది పూర్తిగా నల్లజాతీయులు స్థాపించుకున్న పట్టణం. మెడ్గర్ ఒక బీమా కంపెనీ తరఫున పత్తి పొలాల వెంట తిరుగుతూ పాలసీలు అమ్మేవారు. కౌలు రైతుల గుడిసెలను, అప్పుల లెక్కలను, పస్తులను ఆయన దగ్గర నుంచి చూసింది అప్పుడే. మరుగుదొడ్డి వాడుకోనివ్వని పెట్రోలు బంకుల్లో పెట్రోలు కొనవద్దంటూ నల్లజాతి సంఘాలు నడిపిన ఉద్యమంలో ఆయన చురుగ్గా పాల్గొన్నారు. 1954లో మిసిసిపీ విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాలకు దరఖాస్తు పెట్టుకుంటే తిరస్కరించారు. ఆ ఏడాది చివర్లోనే నల్లజాతీయుల హక్కుల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఏఏసీపీ ఆయనను మిసిసిపీలో తన తొలి క్షేత్ర కార్యదర్శిగా నియమించింది. కుటుంబం జాక్సన్‌కు మారింది. కార్యాలయంలో ఆయనకు సెక్రటరీగా పనిచేసింది మర్లీయే.

ఆ కార్యాలయంలో భార్యాభర్తలు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునేవారు కాదు. ‘మిస్టర్ ఎవర్స్’, ‘మిసెస్ ఎవర్స్’ అని పిలుచుకునేవారు. ఇందులో దాగిన అర్థం తెలుగు పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అరవయ్యేళ్ల పెద్దాయనను కూడా ‘ఒరే’ అని పిలిచే దొరల ముందు, ఒక మనిషి పేరు చివర ‘గారు’ చేర్చడం ఎంత పెద్ద ధిక్కారమో మన పల్లెల్లో పెరిగినవారికి తెలుసు. ఆనాటి మిసిసిపీలో శ్వేతజాతీయులు నల్లజాతి స్త్రీపురుషులను, వాళ్ల వయసు ఎంతైనా సరే, పేరు పెట్టో, ‘బాయ్’ అనో పిలిచేవారు. న్యాయస్థానాల్లోనూ అదే తీరు. బయట ఎవరూ ఇవ్వని మర్యాదను ఆ ఇద్దరూ తమ నాలుగు గోడల మధ్య రోజూ ఇచ్చిపుచ్చుకున్నారు. తలుపు తోసుకుని లోపలికి వచ్చే ప్రతి మనిషీ ఆ పిలుపు వినేవాడు.

అలాగని ఆ సంసారం ఒడిదుడుకులు లేనిదేమీ కాదు. మర్లీ ఆ రోజుల గురించి తర్వాత రాసినప్పుడు, మాట్లాడినప్పుడు ఏదీ దాచలేదు. డెల్టా జీవితం ఆమెకు నచ్చలేదు. భర్త ఈ పనిలోకి దిగడం మొదట్లో ఇష్టమూ లేదు. పొట్ట చేతబట్టుకుని, ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరిగే మనిషితో పిల్లలను పెంచడం ఎలా అన్నది ఆమె ప్రశ్న. మొదటి బిడ్డ పేరు దగ్గరే ఈ పెనుగులాట కనిపిస్తుంది. కెన్యా స్వాతంత్ర్య నాయకుడు జోమో కెన్యాటా మీద ఉన్న అభిమానంతో కొడుక్కి కెన్యాటా అని పేరు పెట్టాలని మెడ్గర్ పట్టుబట్టారు. జనన పత్రంలో మర్లీ దానికి ముందు డారెల్ అని చేర్చారు. అలా 1953లో పుట్టిన పిల్లవాడు డారెల్ కెన్యాటా ఎవర్స్ అయ్యాడు. 1954లో రీనా, 1960లో వాన్ పుట్టారు.

1955లో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి బాలుడిని కిడ్నాప్ చేసి చంపినప్పుడు, మెడ్గర్ పత్తి ఏరే కూలీ వేషంలో తోటల్లో తిరిగి సాక్షులను వెతికారు. 1962లో జేమ్స్ మెరిడిత్ అనే నల్లజాతి యువకుడు మిసిసిపీ విశ్వవిద్యాలయంలో చేరడానికి చేసిన పోరాటంలో అండగా నిలిచారు. ఈ సంఘటనలు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రాత్రుల్లో ఇంట్లో ఫోను మోగితే ఎత్తి బెదిరింపులు విన్నది ఎవరు, ఊళ్ల నుంచి ఇల్లు వదిలి పారిపోయి వచ్చినవారికి అన్నం పెట్టింది ఎవరు అన్నది మాత్రం ఎక్కడో ఒక మూల వాక్యంగానే మిగిలింది. 1963లో జాక్సన్ పాఠశాలల్లో నల్లజాతి, శ్వేతజాతి పిల్లలను వేరుచేసే జాతి విభజనను తొలగించాలని వేసిన దావాలో మొదటి వాదిగా నమోదైన పేరు తొమ్మిదేళ్ల డారెల్‌ది. ఉద్యమ నాయకుడు ఇతరుల పిల్లలను ముందుకు రమ్మని అడగాలంటే ముందుగా తన బిడ్డను నిలబెట్టాలి. ఆ నిర్ణయపు బరువు తల్లి మీద కూడా పడుతుంది. ఆ దావా ఫలితంగా 1964లో జాక్సన్‌లో మొదటి తరగతి నుంచి విభజన తొలగడం మొదలైంది. అప్పటికి డారెల్ ఆ ఊళ్లో లేడు.

1963 మే 20న మెడ్గర్ స్థానిక టెలివిజన్‌లో పదిహేడు నిమిషాలు మాట్లాడారు. నగర మేయర్ చేసిన ప్రసంగానికి అది సమాధానం. అంతవరకు పేరు మాత్రమే తెలిసిన శత్రువులకు ఆ రోజు ముఖం కూడా తెలిసింది. మే 28న జాక్సన్‌లోని ఒక దుకాణపు భోజనశాలలో విద్యార్థులు బైఠాయించగా అల్లరిమూక వాళ్లను కొట్టింది. అదే రాత్రి ఎవర్స్ ఇంటి కార్‌పోర్ట్‌లోకి ఎవరో పెట్రోలు బాంబు విసిరారు. మర్లీ తోటకు నీళ్లు పెట్టే గొట్టం అందుకుని ఆ మంటను ఆర్పారు.

జూన్ 11 రాత్రి అధ్యక్షుడు కెన్నెడీ పౌర హక్కుల మీద టెలివిజన్‌లో ప్రసంగించారు. తండ్రి వచ్చేవరకు మేలుకుని ఉండటానికి పిల్లలకు ఆ రోజు అనుమతి దొరికింది. అర్ధరాత్రి దాటిన కాసేపటికి కారు వచ్చి ఆగింది. జాతి విభజనకు వ్యతిరేకంగా నినాదం అచ్చువేసిన చొక్కాల కట్టను చేత్తో పట్టుకుని మెడ్గర్ దిగారు. వీధికి అవతలి పొదల చాటు నుంచి వచ్చిన తూటా ఆయన వీపులోంచి దూసుకుపోయి, కిటికీ అద్దాన్ని, హాలు గోడను దాటి, వంటింట్లోని ఫ్రిజ్‌కు తగిలింది. పిల్లలు నేర్చుకున్న ప్రకారం నేల మీదికి దూకారు. ఆ తర్వాత లేచి బయటికి పరుగెత్తి, నెత్తుటి మడుగులో ఉన్న తండ్రిని లేవమని పిలిచారు. ముందు తలుపును ఆయన ముందుచూపుతోనే పెట్టించలేదు. కానీ కారు దిగి లోపలికి నడిచే ఆ నాలుగడుగుల జాగాను ఏ పథకమూ కాపాడలేకపోయింది. ఆస్పత్రికి చేర్చిన కాసేపటికే ఆయన కన్నుమూశారు. వయసు ముప్పై ఏడు. మర్లీకి ముప్పై, పిల్లల్లో పెద్దవాడికి ఇంకా పదేళ్లు నిండలేదు. జూన్ 19న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

హంతకుడు ఎవరో తెలియక కేసు నిలిచిపోలేదు. పొదల్లో దొరికిన రైఫిల్ దూరదర్శిని మీద బైరన్ డి లా బెక్‌విత్ అనే ఎరువుల అమ్మకందారు వేలిముద్ర ఉంది. అతను శ్వేతజాతి ఆధిపత్య సంఘంలో సభ్యుడు. 1964లో రెండుసార్లు విచారణ జరిగింది. రెండుసార్లూ జ్యూరీలో అందరూ శ్వేతజాతి మగవాళ్లే. రెండుసార్లూ ఏకాభిప్రాయం కుదరక తీర్పు రాలేదు. మొదటి విచారణలో మర్లీ సాక్షి బోనులో ఉన్నప్పుడు మాజీ గవర్నర్ రాస్ బార్నెట్ న్యాయస్థానంలోకి వచ్చి నిందితుడితో కరచాలనం చేశారు. ఆ కరచాలనం ఎవరికి, ఏ సందేశం ఇచ్చిందో జ్యూరీకి అర్థం కాకపోదు.

అదే ఏడాది మర్లీ ముగ్గురు పిల్లలతో కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌కు వెళ్లిపోయారు. భర్త రక్తపు మరక ఉన్న ఇంట్లో, హంతకుడు స్వేచ్ఛగా తిరిగే రాష్ట్రంలో పిల్లలను పెంచడం ఆమె వల్ల కాలేదు. ఇది పారిపోవడం కాదని ఆ తర్వాతి ముప్పై ఏళ్లే చెబుతాయి. ఆమె పొమోనా కళాశాలలో చేరి 1968లో సమాజశాస్త్రంలో పట్టా అందుకున్నారు. 1967లో భర్త జీవితం మీద పుస్తకం ప్రచురించారు. 1970లో కాంగ్రెస్‌కు పోటీ చేసి ఓడిపోయారు. 1976లో ఓడరేవు కార్మికుడూ హక్కుల కార్యకర్తా అయిన వాల్టర్ విలియమ్స్‌ను పెళ్లి చేసుకున్నారు. 1987లో లాస్ ఏంజెలెస్ నగర ప్రజాపనుల బోర్డులో కమిషనర్‌గా నియమితులయ్యారు. ఆ పదవిలో తొలి నల్లజాతి మహిళ ఆమే. ఈ కాలమంతా కేసు సంగతి మరచిపోలేదు. మిసిసిపీకి వెళ్లినప్పుడల్లా బెక్‌విత్ ఎక్కడున్నాడు, ఏం మాట్లాడుతున్నాడు, కొత్తగా ఏమైనా తెలిసిందా అని ఆరా తీస్తూనే ఉన్నారు. పగ పెంచుకోవద్దని నలుగురూ చెబుతున్నా, ఆ రోజుల్లో తనను నడిపించింది ద్వేషమేనని ఆమె నిజాయితీగా ఒప్పుకున్నారు. అమరుల భార్యలను సంస్మరణ సభల్లో వేదిక ఎక్కించి, శాలువా కప్పి, త్యాగమూర్తి అని రెండు మాటలు పలికి పంపించే అలవాటు మనకూ ఉంది. ఆ మాట వెనక ఇలాంటి కోపం, చదువు, ఉద్యోగం, ఎన్నికల ఓటమి, రెండో పెళ్లి ఉన్న పూర్తి మనిషి కనిపించకుండా పోతుంది.

1989లో జాక్సన్ పత్రికా విలేఖరి జెర్రీ మిచెల్ ఒక సంగతి బయటపెట్టారు. జాతి విభజనను కాపాడటం కోసం మిసిసిపీ ప్రభుత్వమే 1956లో నెలకొల్పిన సావరిన్టీ కమిషన్, 1964 నాటి రెండో విచారణలో జ్యూరీ ఎంపికకు ముందు అందులోకి రాగల వ్యక్తుల వివరాలు సేకరించి బెక్‌విత్ న్యాయవాదులకు అందించింది. కేసును తిరిగి తెరవాలని మర్లీ డిమాండ్ చేశారు. ప్రాసిక్యూటర్లు పాత దస్త్రాలు వెతికితే దాదాపు ఏమీ దొరకలేదు. విచారణలో చెప్పిన మాటలన్నీ నమోదు చేసిన నకలు న్యాయస్థానంలో లేదు. హత్యకు వాడిన రైఫిల్ కనిపించలేదు. చివరకు ఆ రైఫిల్, ప్రాసిక్యూటర్ బాబీ డిలాటర్ మామగారైన ఒక దివంగత న్యాయమూర్తి ఇంట్లో బయటపడింది. మొదటి విచారణ నకలు మాత్రం మర్లీ దగ్గర ఉంది. అన్నేళ్లుగా ఆమె దాన్ని భద్రంగా దాచుకుని ఉన్నారు.

ఈ వ్యాసంలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే. అప్పటికి సాక్షుల్లో కొందరు చనిపోయారు. వాళ్లు 1964లో ఇచ్చిన వాంగ్మూలాలను కొత్త జ్యూరీ ముందు చదివి వినిపించాలంటే ఆ ప్రతి కావాలి. అది లేకపోతే కేసు నడిచేది కాదు. రాజ్యం తన చేతుల్లో ఉండవలసిన కాగితాన్ని పోగొట్టుకుంది, ఆయుధాన్ని ఒక ఇంటి అల్మారాకు వదిలేసింది. ఇళ్లు మారి, దేశం ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చి, ముగ్గురు పిల్లలతో బతుకు వెళ్లదీసిన ఒక స్త్రీ ఆ కాగితాలకు చెద పట్టకుండా చూసుకుంది. కన్నీళ్లు, ప్రసంగాలు, సంస్మరణలు ఉన్నా కూడా ఆ కాగితం లేనిదే శిక్ష పడేది కాదు. హక్కుల ఉద్యమాల్లో కుటుంబాలు చేసే పనికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం వెతకనక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక, పత్రికా కత్తిరింపులు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని కోర్టు మెట్లెక్కే తల్లులు, భార్యలు మన దగ్గర ఎంతమంది ఉన్నారో హక్కుల కేసులు చూసిన న్యాయవాదులకు బాగా తెలుసు.

కుటుంబం ఇచ్చింది కాగితం ఒక్కటే కాదు. 1991లో తిరిగి శవపరీక్ష కోసం మెడ్గర్ సమాధిని తవ్వవలసి వచ్చినప్పుడు దానికీ ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్లకు దగ్గరైనా ఆయన దేహం ఆశ్చర్యకరంగా చెక్కుచెదరకుండా ఉంది. తండ్రి చనిపోయేనాటికి మూడేళ్ల పసివాడైన వాన్, ఆయన ముఖాన్ని గుర్తుపెట్టుకునే వయసు లేనివాడు, ఆ రోజు ఆ ముఖాన్ని చూశాడు. సాక్ష్యం కోసం తెరిచిన శవపేటిక ఒక కొడుక్కి తండ్రిని చూపించింది. ఇంతకు మించి దాని గురించి వ్యాఖ్యానించడం సరికాదు.

1994 ఫిబ్రవరి 5న ఎనిమిది మంది నల్లజాతీయులు, నలుగురు శ్వేతజాతీయులు ఉన్న జ్యూరీ బెక్‌విత్‌ను దోషిగా తేల్చింది. యావజ్జీవ శిక్ష పడింది. అతను 2001లో ఖైదీగానే చనిపోయాడు. ఈ విచారణ మీద 1996లో వచ్చిన హాలీవుడ్ చిత్రంలో కథానాయకుడు శ్వేతజాతి ప్రాసిక్యూటర్. ఆ ప్రాసిక్యూటర్ కష్టపడ్డారనడంలో సందేహం లేదు. కానీ ముప్పై ఏళ్ల కథకు మధ్యలో నిలబడాల్సింది ఎవరన్న ప్రశ్న ఆ చిత్రం చూసినవారిలో చాలామంది అడిగారు, అది న్యాయమైన ప్రశ్నే.

తీర్పు వచ్చిన మరుసటి ఏడాది మర్లీ భర్త పనిచేసిన ఎన్‌ఏఏసీపీకే జాతీయ బోర్డు అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. ఒకే ఒక్క ఓటు తేడాతో గెలిచారు. అప్పటికి ఆ సంస్థ దాదాపు నలభై లక్షల డాలర్ల అప్పుల్లో, అపనిందల్లో కూరుకుపోయి ఉంది. ఆమెను పోటీకి ప్రోత్సహించిన వాల్టర్ విలియమ్స్ ఆమె గెలిచిన కొద్ది రోజులకే క్యాన్సర్‌తో మరణించారు. రెండోసారి వైధవ్యం పాలైన ఆమె 1998 వరకు ఆ పదవిలో ఉండి సంస్థను ఒడ్డున పడేశారు.

హత్యకు గురైన ముగ్గురు నాయకుల భార్యలు, మర్లీ ఎవర్స్, మార్టిన్ లూథర్ కింగ్ భార్య కొరెటా స్కాట్ కింగ్, మాల్కం ఎక్స్ భార్య బెటీ షబాజ్, ఒకరికొకరు స్నేహితులయ్యారు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1970లో మెడ్గర్ ఎవర్స్ పేరుతో ఒక కళాశాల వెలిసింది. బెటీ షబాజ్ డాక్టరేటు పూర్తిచేసి పనిచేసింది ఆ కళాశాలలోనే. ఇద్దరు నాయకుల మార్గాలు వేరు, సిద్ధాంతాలు వేరు. కానీ ఒకరి భార్యకు మరొకరి పేరున్న విద్యాలయం జీవనాధారమైంది.

కుటుంబమంతా ఒకే దారిన నడిచిందనుకుంటే అదీ పొరపాటే. తమ్ముడి స్థానంలో క్షేత్ర కార్యదర్శి అయిన చార్లెస్ ఎవర్స్ 1969లో ఫయెట్ పట్టణానికి మేయర్‌గా గెలిచి చరిత్ర సృష్టించారు. తర్వాతి కాలంలో రిపబ్లికన్ పార్టీ వైపు మొగ్గి, 2016లో ట్రంప్‌ను సమర్థించారు. 2020లో కన్నుమూశారు. పిల్లల్లో డారెల్ చిత్రకారుడయ్యాడు. నలభై ఏడేళ్లకే, 2001లో, క్యాన్సర్‌తో పోయాడు. వాన్ ఫోటోగ్రాఫర్ అయ్యాడు. తండ్రి కూలిపోయిన రాత్రి ఎనిమిదేళ్ల పిల్ల అయిన రీనా జాక్సన్‌కు తిరిగొచ్చి తల్లిదండ్రుల పేరు మీద ఉన్న సంస్థను నడుపుతున్నారు. 2024 మేలో మెడ్గర్‌కు మరణానంతరం ప్రకటించిన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్‌ను శ్వేతసౌధంలో అందుకున్నది ఆమే.

జాక్సన్ విమానాశ్రయానికి 2004లో మెడ్గర్ పేరు పెట్టారు. ఒక నౌకాదళ సరుకు రవాణా నౌకకూ ఆయన పేరే ఉంది. 2013లో ఒబామా రెండోసారి ప్రమాణ స్వీకారం చేసినప్పుడు ప్రారంభ ప్రార్థన చేసింది మర్లీ. మతాచార్యులు కానివారికి, అందులోనూ ఒక స్త్రీకి, ఆ అవకాశం రావడం అదే మొదటిసారి.

గైన్స్ వీధి ఇంటిని కుటుంబం 1993లో టౌగలూ కళాశాలకు ఇచ్చేసింది. ఆ వీధికి ఇప్పుడు అక్కడే నివసించిన కవయిత్రి మార్గరెట్ వాకర్ అలెగ్జాండర్ పేరు ఉంది. 2020 డిసెంబర్‌లో ఆ ఇల్లు జాతీయ స్మారకమైంది. దాని అధికారిక నామం ‘మెడ్గర్ అండ్ మర్లీ ఎవర్స్ హోమ్’. కార్యాలయంలో ఒకరినొకరు గౌరవంగా పిలుచుకున్న ఇద్దరి పేర్లూ ఆ బోర్డు మీద పక్కపక్కనే ఉన్నాయి. ముందు తలుపు ఇప్పటికీ లేదు. ఇంట్లోకి దారి ఆనాటిలాగే కార్‌పోర్ట్ వైపు నుంచే, ఆ రాత్రి ఆయన దాటలేకపోయిన ఆ నాలుగడుగుల మీదుగానే.